కొలవని కిరణాలు, రాయని లెక్కలు

అణుపరీక్షలలో పాల్గొన్న సైనికుల రికార్డులు చెప్పే నీతి

నీ శరీరానికి ఎంత రేడియోధార్మికత సోకిందని అడిగితే ఒక వృద్ధ సైనికుడు ఏమని సమాధానం చెప్పగలడు? ఆ కిరణాలకు రంగు లేదు, వాసన లేదు. తాకినప్పుడు నొప్పి తెలియదు. వాటిని కొలవవలసింది, కొలిచి రాయవలసింది, రాసి భద్రపరచవలసింది అతనిని అక్కడికి పంపిన ప్రభుత్వమే. అయినా అణ్వాయుధ పరీక్షలలో పాల్గొన్న సైనికులు పాతిక, ముప్పై ఏళ్ల తరువాత కాన్సరు బారినపడి పింఛను కార్యాలయాల తలుపు తట్టినప్పుడు వారికి ఎదురైన మొదటి ప్రశ్న అదే. ప్రశ్న అడుగుతున్నదీ, సమాధానాన్ని తన బీరువాలో ఉంచుకోవలసినదీ ఒకే పక్షం. ఈ విచిత్రమైన అన్యాయం అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ దేశాలన్నింటిలోనూ ఏదో ఒక రూపంలో జరిగింది. దాని బాధితులలో అల్జీరియా ఎడారి కార్మికులు, కజకిస్తాన్ గ్రామీణులు కూడా ఉన్నారు. కనుక ఈ చరిత్రను మన పాఠకుల ముందుంచడం అవసరమని మేము భావిస్తున్నాము.

చొక్కాకు తగిలించిన చిన్న పొట్లం

ఆ రోజులలో సైనికుని శరీరానికి తగిలిన కిరణాలను కొలవడానికి వాడిన ప్రధాన సాధనం ఫిల్ము బ్యాడ్జి. వెలుగు చొరబడకుండా చుట్టిన ఫొటో ఫిల్ము ముక్కను చొక్కాకు తగిలించేవారు. గామా కిరణాలు దానిలోకి దూసుకుపోతే, కడిగిన తరువాత ఫిల్ము నల్లబడి కనిపించేది. ఎంత నలుపు ఉంటే అంత మోతాదు అని లెక్క. ఉపాయం మంచిదే గానీ దానికి పరిమితులు ఉన్నాయి. ఉష్ణమండల ద్వీపాల వేడి, తేమ తగిలితే ఫిల్ము పాడయ్యేది. అంతకన్నా ముఖ్యంగా, అది బయటి నుండి తగిలిన కిరణాలను మాత్రమే చూపగలదు. ధూళితోపాటు ఊపిరితిత్తులలోకి పోయిన ప్లుటోనియం కణాన్ని గానీ, నీటితో కడుపులోకి చేరిన రేడియోధార్మిక పదార్థాన్ని గానీ అది పట్టుకోలేదు. ప్లుటోనియం వెలువరించే ఆల్ఫా కణాలు కాగితపు పొరను కూడా దాటలేవు. కానీ శరీరం లోపల చేరితే అవే కణాలు ఏళ్ల తరబడి కణజాలాన్ని దెబ్బతీస్తాయి. కాబట్టి బ్యాడ్జిలో సున్నా ఉన్నంత మాత్రాన శరీరంలో సున్నా ఉన్నట్లు కాదు.

పైగా ఆ బ్యాడ్జి అందరికీ దక్కలేదు. చాలా సందర్భాలలో ఒక దళం మొత్తానికి ఒకరిద్దరికి ఇచ్చి, వారి అంకెనే తక్కినవారి పేర్ల ఎదుట రాశారు. పక్కవాడు గోతిలో కూర్చుని ఉండగా తాను ధూళిలో నడిచిన సైనికునికి కూడా అదే అంకె.

చేప ఇచ్చిన సాక్ష్యం

1946 జూలైలో పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ పగడపు దీవుల వద్ద అమెరికా రెండు అణుబాంబులను పేల్చింది. ఆ కార్యక్రమానికి ‘ఆపరేషన్ క్రాస్‌రోడ్స్’ అని పేరు. దాదాపు 42,000 మంది అందులో పాల్గొన్నారు. వారిలో బ్యాడ్జి అందినవారు సుమారు 15 శాతం మాత్రమే. జూలై 25న నీటి అడుగున పేల్చిన రెండవ బాంబు, లక్షల టన్నుల సముద్రజలాన్ని ఆకాశానికి ఎత్తి, లంగరు వేసి ఉంచిన పాత యుద్ధనౌకల మీద రేడియోధార్మిక వర్షంగా కురిపించింది. ఆ తరువాత నావికులను నౌకలపైకి పంపి నీళ్లతో, సబ్బుతో, చీపుళ్లతో డెక్కులను కడగమన్నారు. ఎంత కడిగినా రేడియోధార్మికత పోలేదు.

ఆ పరీక్షల రక్షణ బాధ్యత వహించిన వైద్యుడు స్టాఫర్డ్ వారెన్. పని ఆపమని ఆయన చెప్పినా నౌకాదళాధికారులు మొదట నమ్మలేదు. అప్పుడాయన అక్కడి మడుగులో పట్టిన ఒక చేపను ఫొటో పలకపై ఉంచారు. చేప శరీరంలో చేరిన రేడియోధార్మికత పలక మీద దాని బొమ్మను దానంతట అదే చిత్రించింది. ఆ బొమ్మ చూశాక, ఆగస్టు 10న నౌకలను శుభ్రం చేసే పని ఆపివేశారు. మూడవ పరీక్షను రద్దు చేశారు. ఒక చేప తన సాక్ష్యాన్ని పలకపై వదలివెళ్లింది. ఆ నౌకల డెక్కులు కడిగిన నావికులలో చాలామందికి అంతటి సాక్ష్యం కూడా మిగలలేదు.

మంటలలో కాలిన కాగితాలు

1951 నుండి అమెరికా తన నెవాడా ఎడారిలోనే పరీక్షలు మొదలుపెట్టింది. అణుయుద్ధంలో సైనికుడు ఎలా ప్రవర్తిస్తాడో చూడాలని పదాతి దళాలను కందకాలలో కూర్చోబెట్టి, బాంబు పేలిన తరువాత విస్ఫోట స్థలం వైపు నడిపించారు. 1957 ఆగస్టు 31న జరిగిన ‘స్మోకీ’ పరీక్ష వాటిలో ఒకటి. తరువాతి కాలంలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఆ పరీక్షలో పాల్గొన్న 3,224 మంది ఆరోగ్యాన్ని పరిశీలించి 1980లో ఫలితాలు ప్రకటించింది. సాధారణంగా ఆ సంఖ్యలో మూడు లేదా నలుగురికి రక్త కాన్సరు రావచ్చునని అంచనా. వచ్చింది తొమ్మిది మందికి. అయితే వారి బ్యాడ్జిలలో నమోదైన మోతాదులు తక్కువగానే ఉన్నాయి. ఇది యాదృచ్ఛికమా, లేక బ్యాడ్జి చూడలేనిది ఏదైనా జరిగిందా అన్న ప్రశ్న అప్పటి నుండి నలుగుతూనే ఉంది.

ఈ ప్రశ్నలు లేవకముందే మరొక దెబ్బ తగిలింది. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ నగరంలోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగింది. 1960కి ముందు సైన్యం నుండి విరమించినవారి ఫైళ్లలో దాదాపు 80 శాతం బూడిదయ్యాయి. కోటిన్నరకు పైగా ఫైళ్లు పోయాయి. పరీక్షా స్థలంలో తాను ఉన్నానని నిరూపించుకోవడానికే చాలామందికి కాగితం లేకుండా పోయింది.

1945 నుండి 1962 వరకు వాతావరణంలో జరిగిన పరీక్షలలో పాల్గొన్న సుమారు రెండు లక్షల మంది సైనికులను గుర్తించడానికి అమెరికా రక్షణ శాఖ 1970ల చివరలో ఒక సమీక్షా కార్యక్రమాన్ని చేపట్టింది. బ్యాడ్జి లేనివారికి ‘మోతాదు పునర్నిర్మాణం’ అనే పద్ధతిని అనుసరించారు. ఏ దళం ఏ గంటకు ఎక్కడ ఉంది, అక్కడ నేల మీద ఎంత రేడియోధార్మికత కొలిచారు, ఎంతసేపు నిలిచారు అన్న వివరాలను పేర్చి ఒక అంకెను అంచనా వేస్తారు. 2003లో ఆ దేశపు జాతీయ పరిశోధనా మండలి ఈ లెక్కలను తనిఖీ చేసింది. సైనికునికి తగిలి ఉండగల గరిష్ఠ మోతాదును తరచుగా తక్కువగా చూపారనీ, సందేహం వచ్చినచోట దాని ప్రయోజనం సైనికునికి దక్కాలన్న నియమం అన్నివేళలా పాటించలేదనీ ఆ నివేదిక తేల్చింది.

ఇంతలో చట్టం మరొక దారి వెతుక్కుంది. 1988లో చేసిన చట్టం 13 రకాల కాన్సర్లను పేర్కొని, పరీక్షలో పాల్గొన్నట్లు రుజువై ఆ కాన్సర్లలో ఒకటి వస్తే మోతాదు అంకె అడగకుండానే పరిహారానికి అర్హత కల్పించింది. తరువాత ఆ జాబితా పెరిగింది. రికార్డు లేకపోవడం బాధితుని తప్పు కాదన్న సత్యాన్ని ఆలస్యంగానైనా ఒప్పుకోవడమే ఇది. అయితే నోరు విప్పకూడదన్న రహస్య ప్రమాణం నుండి ఆ సైనికులకు విముక్తి లభించింది 1996లోనే. అంతవరకు తాము చూసినదాన్ని వైద్యునికి గానీ, భార్యకు గానీ చెప్పడం నేరమని భయపడుతూ బ్రతికినవారు ఎందరో. చెప్పకుండానే మరణించినవారూ ఉన్నారు.

కజక్ మైదానాలలో మారుపేరు

సోవియట్ యూనియన్‌లో గోప్యత మరింత దట్టంగా ఉండేది. 1954 సెప్టెంబరు 14న ఓరెన్‌బర్గ్ ప్రాంతంలోని తోత్స్‌కొయే వద్ద విమానం నుండి అణుబాంబును జారవిడిచి, దాదాపు 45,000 మంది సైనికులతో యుద్ధ విన్యాసాలు జరిపారు. విన్యాసాలకు నాయకత్వం మార్షల్ జుకోవ్‌ది. ఆ ప్రాంతం తాతార్, బష్కీర్ ముస్లిములు తరతరాలుగా నివసిస్తున్న నేల. పాల్గొన్నవారి చేత 25 ఏళ్ల పాటు నోరు మెదపమని సంతకాలు చేయించుకున్నారు. పాతికేళ్లు గడిచేసరికి సాక్షులలో చాలామంది లేరు.

కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్‌స్క్ పరీక్షా స్థలంలో 1949 ఆగస్టు 29 నుండి నలభై ఏళ్లలో 456 పరీక్షలు జరిగాయి. చుట్టుపక్కల గొర్రెలు, గుర్రాలు మేపుకొని జీవించే కజక్ ముస్లిముల గ్రామాలు ఉన్నాయి. 1957లో ప్రభుత్వం అక్కడ ఒక వైద్యశాలను తెరిచింది. బోర్డు మీద పశువుల నుండి మనుషులకు సోకే బ్రూసెల్లోసిస్ అనే జ్వరానికి చికిత్స చేసే కేంద్రమని రాసి ఉండేది. నిజానికి అక్కడ జరిగింది రేడియోధార్మికత మనిషిని ఏం చేస్తుందో గమనించి రాసుకోవడం. ఇతర దేశాలలో రికార్డు లేకపోవడం బాధ అయితే, ఇక్కడ రికార్డు ఉంది. అది ఎవరి శరీరం గురించో వారికే తెలియదు. రోగిని పరీక్షించి, ఫలితాన్ని అతని నుండి దాచడం వైద్యమనిపించుకోదు.

1989లో కవి ఒల్జాస్ సులైమెనోవ్ నాయకత్వంలో లేచిన ‘నెవాడా–సెమిపలాటిన్‌స్క్’ ఉద్యమం, అమెరికా ఎడారి బాధితులనూ కజక్ మైదానాల బాధితులనూ ఒకే పేరుతో కలిపింది. 1991 ఆగస్టు 29న ఆ పరీక్షా స్థలం మూతపడింది. స్వతంత్ర కజకిస్తాన్ 1992లో బాధితుల సామాజిక రక్షణకు చట్టం చేసి, ప్రభావిత ప్రాంతాలలో నివసించినవారికి ధ్రువపత్రాలు ఇచ్చింది. నేడు ఐక్యరాజ్యసమితి ఆగస్టు 29ని అణుపరీక్షల వ్యతిరేక దినంగా పాటిస్తున్నది.

సహారా ఇసుక, తెరవని అర

ఫ్రాన్స్ తన మొదటి అణుబాంబును పారిస్ పొలిమేరలలో పేల్చలేదు. తాను ఆక్రమించుకున్న అల్జీరియాలో, సహారా ఎడారిలోని రెగ్గాన్ వద్ద 1960 ఫిబ్రవరి 13న పేల్చింది. 1966 వరకు అల్జీరియాలో మొత్తం 17 పరీక్షలు జరిగాయి. నాలుగు ఆకాశం కింద, తక్కిన పదమూడు ఇన్ ఎక్కెర్ పర్వతం అడుగున. 1962 మే 1న అటువంటి భూగర్భ పరీక్ష ఒకటి అదుపు తప్పింది. కొండ పగిలి, రేడియోధార్మిక మేఘం చూడవచ్చినవారి మీదకు వచ్చింది. సైనికులు, అధికారులు, ఇద్దరు ఫ్రెంచి మంత్రులు సైతం పరుగులు తీశారు. మంత్రులు స్నానం చేసి బట్టలు మార్చుకున్నారు, వారి పేర్లు చరిత్రలో నమోదయ్యాయి. రెగ్గాన్ స్థావరాలలో కూలికి పనిచేసిన అల్జీరియన్లలో అనేకుల చేతిలో పనిచేసినట్లు రుజువు చేసే చీటీ కూడా లేదు.

ఫ్రాన్స్ 2010 జనవరి 5న బాధితుల పరిహార చట్టాన్ని చేసింది. చట్టం పేర్కొన్న చోట, పేర్కొన్న కాలంలో ఉండి, పేర్కొన్న వ్యాధి వస్తే పరిహారం అన్నారు. కానీ ప్రమాదం ‘ఉపేక్షించదగినంత’ అయితే ఇవ్వనక్కరలేదన్న ఒక చిన్న పదబంధాన్ని అందులో ఉంచారు. మొదటి సంవత్సరాలలో వచ్చిన దరఖాస్తులలో అత్యధిక భాగాన్ని ఆ పదబంధమే తిరస్కరించింది. 2017లో దానిని తొలగించారు. 2018లో సంవత్సరానికి ఒక మిల్లీసీవర్టు అన్న హద్దును తెచ్చారు. మళ్లీ లెక్క అంకె దగ్గరకే వచ్చింది. అంకె లేనివారి గతి ఏమిటి? మరోవైపు, అణ్వాయుధాల తయారీకి తోడ్పడగల సమాచారమున్న పత్రాలను ఎన్నటికీ బయటపెట్టనక్కరలేదని 2008 నాటి ఫ్రెంచి చట్టం చెబుతున్నది. బాంబు రహస్యం దాగవలసిందే కావచ్చు. కూలివాని ఊపిరిలోకి పోయిన ధూళి ఎంతో చెప్పడం బాంబు రహస్యమెలా అవుతుంది?

ఆలస్యమైందని మూసిన తలుపు

బ్రిటన్ 1952 నుండి 1958 వరకు ఆస్ట్రేలియాలోనూ, పసిఫిక్ ద్వీపాలలోనూ 21 బాంబులను వాతావరణంలో పేల్చింది. సుమారు 22,000 మంది బ్రిటిష్ సైనికులతోపాటు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫిజీ సైనికులూ ఉన్నారు. సముద్రతీరంలో కూర్చోబెట్టి, వెన్ను తిప్పి కళ్లు మూసుకోమన్నారనీ, మూసిన కళ్లకు అడ్డుపెట్టుకున్న చేతుల ఎముకలు కనిపించాయనీ వారిలో ఎందరో చెప్పారు. ఆనాడు తీసిన రక్త, మూత్ర పరీక్షల ఫలితాలు తమ వైద్య ఫైళ్లలో లేవని చెబుతూ, వాటి కోసం వారూ వారి కుటుంబాలూ నేటికీ పోరాడుతున్నారు.

వెయ్యిమందికి పైగా కలిసి వేసిన దావాపై 2012 మార్చి 14న బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గడువు దాటిపోయిందని నలుగురు న్యాయమూర్తులు, కాదని ముగ్గురు. ఒక్క ఓటు తేడాతో తలుపు మూసుకుంది. తమ వ్యాధికి పరీక్షలే కారణమని వారు ఎంతోకాలం ముందే నమ్మారు కాబట్టి అప్పుడే రావలసిందని మెజారిటీ వాదన. నమ్మకం వేరు, రుజువు వేరు, రుజువు చేతికందింది ఇటీవలే అని సైనికుల వాదన. వారు చూపిన రుజువు న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయం చేసిన పరిశోధన. పరీక్షలను చూసిన 49 మంది నావికుల రక్తంలో, చిరిగి స్థానం మారిన క్రోమోజోములు ఇతరులలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించాయి. కాగితం మీద రాయనిదాన్ని యాభై ఏళ్లు వారి రక్తం రాసి ఉంచింది. ఫిజీ ప్రభుత్వం బ్రిటన్ కోసం వేచి చూడక, 2015లో తన సైనికులకు తానే కొంత సొమ్ము చెల్లించింది. బ్రిటన్ 2022 నవంబరులో పతకాన్ని ప్రకటించింది.

అతిశయోక్తి కూడా అన్యాయమే

ఇక్కడ మేము ఒక మాట స్పష్టం చేయదలచాము. పరీక్షలలో పాల్గొన్న ప్రతివ్యక్తి రోగమూ రేడియోధార్మికత వల్లనే వచ్చిందని చెప్పడం సత్యం కాదు. సుమారు 70,000 మంది అమెరికన్ సైనికులపై జరిగిన పెద్ద అధ్యయనం 2000 సంవత్సరంలో వెలువడింది. వారి మొత్తం మరణాల రేటు ఇతర సైనికుల కంటే ఎక్కువగా లేదని అది తెలిపింది. రక్త కాన్సరు మరణాలు కొంత ఎక్కువగా కనిపించినా, అది యాదృచ్ఛికం కాదని చెప్పగలిగినంత తేడా కాదన్నది. కాన్సరు ఎవరికైనా రావచ్చు. ఒక్కొక్కరి విషయంలో కారణమేమిటో కాన్సరు ముఖం చూసి చెప్పలేము. అందుకే రికార్డు అవసరం. సరైన కొలత ఉంటే నిజమైన బాధితునికి హక్కు దక్కుతుంది. హాని జరగనివానికి మనశ్శాంతి దక్కుతుంది. కొలత లేనిచోట ఇద్దరికీ మిగిలేది జీవితకాలపు సందేహం. బిడ్డకు జ్వరం వచ్చిన ప్రతిసారీ తన వల్లనేనేమో అని కుమిలిపోయే తండ్రిని ఊహించుకుంటే ఆ సందేహం బరువు తెలుస్తుంది.

రాయించవలసింది ఎవరు?

దావా వేసినవాడే సాక్ష్యం చూపాలన్నది ఇస్లామీయ న్యాయసూత్రం కదా, ఆ ప్రభుత్వాలు అడిగినదీ అదే కదా అని కొందరు సందేహించవచ్చు. ఆ సూత్రం నిజమే. అయితే దానికి ముందున్న బాధ్యతను మరువరాదు. దివ్యఖుర్ఆన్‌లోని ఆయతులన్నింటిలోకి పొడవైనది, అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు, అప్పు లావాదేవీని రాసిపెట్టుకోవడం గురించినది. ఆ పత్రాన్ని ఎవరు చెప్పి రాయించాలో కూడా అది నిర్ణయించింది. అప్పు ఇచ్చినవాడు కాదు, తీర్చవలసినవాడు. ఎవరిపై బాధ్యత ఉందో అతని నోటి నుండే లెక్క రావాలి. అందులో ఏమీ తగ్గించకూడదు. రాయించలేని బలహీనుని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా రాయించాలి. సాక్షులను పిలిచినప్పుడు వారు నిరాకరించకూడదు. ఆ మరుసటి ఆయతు, సాక్ష్యాన్ని దాచేవాని హృదయమే పాపంతో నిండినదని హెచ్చరిస్తున్నది.

ఈ కొలబద్దతో చూస్తే సైనికుడు తన ఆరోగ్యాన్ని ప్రభుత్వానికి అప్పుగా ఇచ్చినవాడు. ఆ అప్పు తీర్చవలసినది ప్రభుత్వం. కనుక లెక్క రాయించవలసినదీ, తగ్గించకుండా రాయించవలసినదీ, అడిగినప్పుడు చూపవలసినదీ అదే. లెక్క రాయనివాడు, రాసి దాచినవాడు నిలబడి సాక్ష్యమేదని బలహీనుని అడగడం న్యాయసూత్రాన్ని పాటించడం కాదు, దాని చాటున దాక్కోవడం. తీర్పుదినాన భూమి తనపై జరిగిన వృత్తాంతాలన్నింటినీ చెబుతుందని జిల్‌జాల్ సూరా తెలుపుతున్నది. 1999లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణులు అల్జీరియా వెళ్లి కొలిచినప్పుడు, రెగ్గాన్ ఇసుకలోనూ, ఇన్ ఎక్కెర్ కొండ నుండి కారి గడ్డకట్టిన శిలలోనూ రేడియోధార్మికత ఇంకా మిగిలే ఉంది. కాగితాలు కాలవచ్చు, అరలు మూసుకోవచ్చు. నేల మరచిపోలేదు.

మన ఇళ్లకు సంబంధించిన మాట

ఇదంతా దూరదేశపు కథ అనుకోనక్కరలేదు. మన కుటుంబాలలో ఎందరో యువతీయువకులు ఎక్స్‌రే, సీటీ స్కాన్ విభాగాలలో టెక్నీషియన్లుగా పనిచేస్తున్నారు. కొందరు గల్ఫ్ దేశాలలో పైపులైన్ల అతుకులను గామా కిరణాలతో పరీక్షించే పనిలో ఉన్నారు. నాటి ఫిల్ము ముక్కకు బదులు నేడు మన దేశంలో వారు ధరించేది టీఎల్‌డీ బ్యాడ్జి. అందులోని బిళ్లలను వేడిచేస్తే, పీల్చుకున్న కిరణాలకు తగినంత వెలుగును వెదజల్లుతాయి. దానిని సాధారణంగా మూడు నెలలకొకసారి పంపి కొలిపిస్తారు. మన అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన ప్రకారం ఈ పనివారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు మించరాదు.

కనుక అటువంటి ఉద్యోగంలో ఉన్న మన పిల్లలకు చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. బ్యాడ్జిని సీసపు ఆప్రాన్ కింద, ఛాతీ మీద ధరించండి. మరొకరిది తీసుకోకండి, మీది మరొకరికి ఇవ్వకండి. పని ముగిశాక ఎక్స్‌రే గదిలో వదలివేయకండి. అంకె పెరుగుతుందన్న భయంతో బ్యాడ్జిని ఇంట్లో దాచి పనిచేయకండి, అది మీకు వ్యతిరేకంగా మీరే రాసుకునే తప్పుడు సాక్ష్యం. మూడు నెలలకొకసారి వచ్చే ఫలితాన్ని అడిగి తెలుసుకోండి, నకలు తీసి ఇంట్లో భద్రపరచండి. ఉద్యోగం మారినప్పుడు, విదేశం నుండి తిరిగివచ్చినప్పుడు మీ మోతాదుల చిట్టాను వెంట తెచ్చుకోండి. ఇక మనలో యజమానులుగా, ఆసుపత్రుల నిర్వాహకులుగా ఉన్నవారికి ఒకే మాట. మీ వద్ద పనిచేసేవాని ఆరోగ్యపు లెక్క మీ చేతిలోని అమానతు. వాడు అడగకముందే దానిని వానికి అందజేయండి.